అధికార విభజన: భారత ప్రభుత్వంలో మూడు శాఖల సరిహద్దులు

భారత రాజ్యాంగంలో శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల హద్దులను ఒక్కచోట గీసి చూపించే అధికరణ ఏదీ లేదు. చట్టం చేసేది పార్లమెంటు, అమలు జరిపేది ప్రభుత్వం, తగవు తీర్చేది కోర్టు అని బడిలో చదువుకున్నది తప్పేమీ కాదు. కానీ చట్టంతో సమానమైన ఆర్డినెన్సును మంత్రివర్గం సలహాపై రాష్ట్రపతి జారీ చేస్తారు. శిక్ష వేసేది కోర్టే అయినా క్షమాభిక్ష పెట్టేది రాష్ట్రపతి. పార్టీ మారిన సభ్యుడి అనర్హతపై తీర్పరిగా కూర్చునేది స్పీకర్. ప్రతి శాఖ చేతిలోనూ పక్క శాఖ పని కొంత ఉంది. ఎంత ఉండాలన్నదే ఏడున్నర దశాబ్దాలుగా తెగని తగవు.

రాజ్యాంగం నేరుగా మాట్లాడింది ఒక్క 50వ అధికరణలోనే. ప్రభుత్వ సర్వీసుల్లో న్యాయ శాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరు చేయడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలని అది చెబుతుంది. అదీ ఆదేశిక సూత్రాల్లో ఉంది కాబట్టి కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం. దాని వెనక పాత బాధ ఉంది. బ్రిటిష్ జమానాలో శిస్తు వసూలు చేసే కలెక్టరే మేజిస్ట్రేటు కూడా. కేసు పెట్టించే యంత్రాంగానికీ, విచారించే యంత్రాంగానికీ ఆయనే పెద్ద. ఈ రెంటినీ విడదీయమని కాంగ్రెస్ 1886లోనే తీర్మానం చేసింది. దేశవ్యాప్తంగా అది జరగడానికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ రావలసి వచ్చింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఆ కోడ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లను హైకోర్టు అదుపులోకి తెచ్చింది. కలెక్టరు, ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లకు శాంతిభద్రతల పని మిగిలింది. జనం నోట 144 సెక్షనుగా స్థిరపడి, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163గా మారిన నిషేధాజ్ఞలు వారివే.

వేరు చేయాలా, కలపాలా

ఈ సిద్ధాంతానికి పెద్దగా చెప్పుకునే పేరు ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ. 1748లో వెలువడిన 'ద స్పిరిట్ ఆఫ్ ద లాస్'లో ఆయన ఇంగ్లండును ఆదర్శంగా చూపించాడు. చిత్రమేమంటే, అధికారాలను అంతగా కలిపి పెట్టుకున్న దేశం మరొకటి లేదు. 2005లో చట్టం మార్చేదాకా అక్కడ లార్డ్ ఛాన్సలర్ అనే ఒకే వ్యక్తి మంత్రి, ప్రభువుల సభకు అధ్యక్షుడు, న్యాయ శాఖకు అధిపతి. ప్రత్యేకంగా ఒక సుప్రీంకోర్టు అక్కడ మొదలైంది 2009 అక్టోబరులో. మాంటెస్క్యూ మాటను నిజంగా పట్టించుకున్నవాళ్లు అమెరికన్లు. 1787లో రాసుకున్న రాజ్యాంగంలో మొదటి అధికరణ కాంగ్రెసుకు, రెండోది అధ్యక్షుడికి, మూడోది కోర్టులకు కేటాయించారు. మంత్రిగా పనిచేసేవాడు కాంగ్రెస్ సభ్యుడిగా ఉండకూడదన్నారు. అధ్యక్షుడు బిల్లును తిప్పికొడితే మూడింట రెండు వంతుల ఓట్లతో కాంగ్రెస్ దాన్ని మళ్లీ నిలబెట్టుకోవచ్చు. చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టుకు ఉందని మాత్రం ఆ రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. 1803లో మార్బరీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తానే తీసుకుంది.

ఇండియాలో కూడా అమెరికా పద్ధతి కావాలన్నవారు ఉన్నారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో ప్రొఫెసర్ కె.టి.షా ఒక సవరణ తెచ్చారు. మూడు శాఖల మధ్య పూర్తి విభజన ఉండాలన్నది దాని సారాంశం. పరిషత్తు తోసిపుచ్చింది. ముసాయిదా సంఘం సభ్యుడు, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మంత్రివర్గం చట్టసభలోంచే పుట్టాలని గట్టిగా వాదించినవారిలో ఒకరు. అప్పుడే కళ్లు తెరుస్తున్న ప్రజాస్వామ్యం చట్టసభకూ ప్రభుత్వానికీ మధ్య నిత్య కలహాన్ని తట్టుకోలేదన్నది ఆయన అభిప్రాయం. అంబేద్కర్ కూడా ఆ దారినే సమర్థించారు.

అలా కుదిరిన ఏర్పాటు ఇది. కార్యనిర్వాహక అధికారం పేరుకు రాష్ట్రపతిది (53వ అధికరణ). నడిపేది మంత్రివర్గం (74). ఆ మంత్రివర్గం ఉమ్మడిగా లోక్‌సభకు జవాబుదారీ (75). మంత్రి ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. 2003 నాటి 91వ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల సంఖ్యలో 15 శాతం మించరాదు. 543 స్థానాల సభకు అది 81. మంత్రివర్గ సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 1976లో 42వ సవరణ స్పష్టం చేసింది. ఆ సలహాను ఒకసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనే వీలును 1978లో 44వ సవరణ కల్పించింది. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న సిఫారసును కె.ఆర్.నారాయణన్ అలాగే తిప్పిపంపారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బిల్లుపై సంతకానికి రాష్ట్రపతికి గడువేదీ లేకపోవడాన్ని ఇంకో రకంగా వాడుకున్నది జ్ఞానీ జైల్ సింగ్. ఉత్తరాలను విప్పి చూసే అధికారాన్ని విస్తరించిన 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లుపై ఆయన సంతకమూ పెట్టలేదు, తిరస్కరించనూ లేదు. బల్ల మీదే ఉంచేశారు.

ప్రభుత్వం ఏ పని చేయాలన్నా ముందు చట్టం ఉండాలా? 1955లో పంజాబ్ పాఠ్యపుస్తకాల ప్రచురణకర్తలు ఇదే ప్రశ్నతో సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాష్ట్ర ప్రభుత్వం చట్టం ఊసు లేకుండా పుస్తకాల వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుందన్నది వారి ఫిర్యాదు. రామ్ జవాయా కపూర్ కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి బి.కె.ముఖర్జియా రాసిన తీర్పును ఇప్పటికీ న్యాయవాదులు ఉదహరిస్తారు. మన రాజ్యాంగం అధికార విభజనను కరడుగట్టిన రూపంలో అంగీకరించలేదు, అయితే ఒక శాఖకు ప్రధానంగా చెందిన పనిని మరో శాఖ లాక్కోవడాన్నీ ఒప్పుకోదు అని ఆ తీర్పు సారం. పౌరుడి హక్కుకు భంగం లేనంతవరకు ప్రభుత్వం చట్టం కోసం ఆగనక్కర్లేదు.

బ్యాంకుల జాతీయీకరణ

ఈ మూడు శాఖలు ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకుంటాయో తెలియడానికి 1969 నాటి బ్యాంకుల కథను మించిన ఉదాహరణ దొరకదు.

ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. బరంపురంలో పుట్టిన ఈ తెలుగువాడు ఆ పదవికి తానే పోటీ చేయదలచుకున్నారు. జూలై 16న ఇందిరా గాంధీ మొరార్జీ దేశాయ్ దగ్గరనుంచి ఆర్థిక శాఖను తీసేసుకున్నారు. 19న, 50 కోట్ల రూపాయలకు మించి డిపాజిట్లున్న 14 బ్యాంకులను ప్రభుత్వపరం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. సంతకం గిరిది. మర్నాడే ఆయన రాజీనామా చేశారు. పార్లమెంటు సమావేశాలు 21న మొదలవుతున్నాయి. రెండు రోజులు ఆగితే చట్టసభ ముందుకే వెళ్లవచ్చు. ఆగలేదు. అత్యవసరం ఏమిటో రాజ్యాంగం ప్రభుత్వ విచక్షణకే వదిలింది మరి. (ఆంధ్రా బ్యాంకు ఆ 14లో లేదు. దాని వంతు 1980లో వచ్చింది.)

గిరి తప్పుకోగానే రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. అలాంటి ఖాళీ కోసం అంతకు కొద్ది వారాల ముందే పార్లమెంటు ఒక చట్టం చేసి ఉంచింది. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.హిదాయతుల్లా రాష్ట్రపతి భవన్‌లో కూర్చున్నారు. జూలై 20 నుంచి ఆగస్టు 24 వరకు దేశ న్యాయ శాఖ అధిపతే కార్యనిర్వాహక శాఖకూ అధిపతి. ఆర్డినెన్సు స్థానంలో పార్లమెంటు ఆమోదించిన బ్యాంకుల చట్టం ఆగస్టు 9న ఆమోదముద్ర పొందింది ఆయన చేతి మీదుగానే.

ఆ చట్టాన్ని సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా డైరెక్టరు, పలు బ్యాంకుల వాటాదారు అయిన ఆర్.సి.కూపర్ సవాలు చేశారు. నానీ పాల్కీవాలా వాదించారు. 1970 ఫిబ్రవరి 10న 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 10–1 మెజారిటీతో చట్టాన్ని కొట్టేసింది. ఎంచుకున్న 14 బ్యాంకుల పట్ల వివక్ష చూపారని, నష్టపరిహారం లెక్కగట్టిన తీరు సరైనది కాదని తేల్చింది. ధర్మాసనంలో హిదాయతుల్లా లేరు. జె.సి.షా తీర్పు రాశారు, హైదరాబాదుకు చెందిన పి.జగన్మోహన్‌రెడ్డి ఆ పది మందిలో ఒకరు. విభేదించిన ఒకే ఒక్కరు ఎ.ఎన్.రే. ఈ పేరు మళ్లీ వస్తుంది.

నాలుగు రోజులు గడిచాయి. ఫిబ్రవరి 14న కొత్త ఆర్డినెన్స్ వచ్చింది. ఈసారి పరిహారం అంకెను బ్యాంకుల వారీగా ముందే రాశారు. సంతకం చేసింది ఎన్నికల్లో గెలిచి పూర్తిస్థాయి రాష్ట్రపతి అయిన వి.వి.గిరే. ఆపై పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇక్కడొక సూత్రం ఉంది. కోర్టు తీర్పు చెల్లదని చట్టసభ ప్రకటించలేదు. తీర్పుకు ఆధారమైన లోపాన్ని సరిచేసి మళ్లీ చట్టం చేయగలదు. అంతకు ముందే 1969లో పృథ్వీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను గీసింది.

రాజ్యాంగాన్ని సవరించే అధికారం

అంతకన్నా పెద్ద గీత వేరే ఉంది. రాజ్యాంగాన్నే సవరించి కోర్టును పక్కకు నెట్టవచ్చా? 1967లో గోలక్‌నాథ్ కేసులో 6–5 మెజారిటీతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని తీర్పు వచ్చింది. ధర్మాసనానికి నాయకత్వం వహించింది రాజమహేంద్రవరంలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే ఆయన పదవి వదిలి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేసి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. శాఖలను విడదీసే తీర్పులు ఇచ్చిన జడ్జి అలా శాఖ మారబోవడం అప్పుడే విమర్శలకు గురైంది, అది సబబైన విమర్శే.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు 7–6తో తేల్చారు. పార్లమెంటు దేన్నయినా సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపరాదు. ఏది మౌలికమో చెబుతూ ప్రధాన న్యాయమూర్తి సిక్రీ ఇచ్చిన వివరణలో శాఖల మధ్య అధికార విభజన ఉంది. ప్రభుత్వం జవాబు వెంటనే వచ్చింది. మర్నాడే తదుపరి ప్రధాన న్యాయమూర్తి పేరు వెలువడింది. సీనియర్లయిన షెలాత్, హెగ్డే, గ్రోవర్‌లను దాటి ఎ.ఎన్.రేని ఎంచుకున్నారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. ముగ్గురూ కేశవానందలో మెజారిటీ వైపు నిలిచినవారే, బ్యాంకుల చట్టాన్ని కొట్టేసినవారే.

అయితే కథ అంత సూటిగా ముగియలేదు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదన్నది. ఆగస్టులో 39వ సవరణ ద్వారా ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఆ తీర్పునే చెల్లకుండా చేశారు. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ సవరణలోని కీలక నిబంధనను కొట్టేసింది. వివాదాన్ని విచారించకుండానే ఒక వ్యక్తి పక్షాన తీర్పు రాసుకోవడం చట్టసభ పని కాదన్నది అందులో కనిపించే తర్కం. నిబంధన చెల్లదన్న వారిలో ప్రధాన న్యాయమూర్తి రే కూడా ఉన్నారు. ఇందిర ఎన్నిక మాత్రం ఎన్నికల చట్టంలో ముందే చేసిన మార్పుల వల్ల నిలిచింది.

సభ గౌరవం, కోర్టు ఆజ్ఞ

పార్లమెంటులో జరిగే దాన్ని కోర్టులు ప్రశ్నించరాదని 122వ అధికరణ, జడ్జీల ప్రవర్తనపై సభలో చర్చించరాదని 121వ అధికరణ చెబుతాయి. ఎవరి ఇంట్లోకి ఎవరూ తొంగిచూడకూడదన్న పెద్దమనుషుల ఒప్పందం లాంటిది ఇది. రాష్ట్రాల్లోనూ ఇలాంటి నిబంధనలే ఉన్నాయి. అవి పగిలిన సందర్భం 1964 నాటి కేశవ్ సింగ్ ఉదంతం. గోరఖ్‌పూర్‌కు చెందిన ఈయనను సభాధిక్కారం కింద ఉత్తరప్రదేశ్ శాసనసభ జైలుకు పంపింది. అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచిలోని ఇద్దరు జడ్జీలు బెయిలు ఇచ్చారు. ఆ ఇద్దరు జడ్జీలనూ కస్టడీలోకి తీసుకుని తన ముందుకు తీసుకురావాలని సభ ఆదేశించింది! హైకోర్టులోని 28 మంది జడ్జీలు ఒక్కటిగా కూర్చుని ఆ ఆదేశాన్ని ఆపారు. చివరికి రాష్ట్రపతి 143వ అధికరణ కింద సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. బెయిలు ఇవ్వడం సభాధిక్కారం కాదని 6–1తో కోర్టు చెప్పింది.

తెలుగునాట ఇరవై ఏళ్ల తర్వాత దాదాపు అదే సన్నివేశం. 1983లో శాసనమండలి గొడవపై 'ఈనాడు' ప్రచురించిన వార్త శీర్షిక హక్కుల ఉల్లంఘన వివాదంగా మారింది. సంపాదకుడు రామోజీరావును సభ ముందుకు తీసుకురావాలని మండలి ఆదేశించింది, అరెస్టు చేయవద్దని సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మధ్యలో ఇరుక్కున్నది పోలీసులు. 1984 మార్చిలో సభల్ని ప్రొరోగ్ చేయించి, అంటే సమావేశాలను ముగింపజేసి, ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ ఘర్షణను దాటవేసింది. మరుసటి ఏడాది మండలే రద్దయింది.

జడ్జీలను ఎవరు నియమించాలి

రాజ్యాంగం ప్రకారం న్యాయమూర్తులను, ప్రధాన న్యాయమూర్తితో సంప్రదించి, రాష్ట్రపతి నియమిస్తారు. ఆ సంప్రదింపులో చివరి మాట ఎవరిదన్నదే రచ్చ. 1981లో సుప్రీంకోర్టు ప్రభుత్వానిదన్నది. 1993లో మాట మార్చి సీనియర్ జడ్జీల బృందానిదన్నది. అదే కొలీజియం. 2014లో పార్లమెంటు 99వ సవరణ ద్వారా జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను తెచ్చింది. లోక్‌సభలో దాన్ని దాదాపు ఎవరూ వ్యతిరేకించలేదు. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4–1తో దాన్ని కొట్టేసింది. ఒంటరిగా విభేదించింది కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. కొలీజియం పనితీరులో పారదర్శకత లేదన్నది ఆయన విమర్శ. తమను తామే నియమించుకునే జడ్జీల విధానం మన కోర్టు తీర్పుల్లోంచి పుట్టింది తప్ప రాజ్యాంగ పాఠంలోంచి కాదు. ఈ విషయంలో చలమేశ్వర్ వాదానికే బరువెక్కువ. కానీ 1973 నాటి అనుభవం గుర్తున్నవారు మెజారిటీ భయాన్ని కొట్టిపారేయలేరు.

చట్టం లేని చోట కోర్టే నియమాలు రాయడం కూడా ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 1997లో విశాఖా కేసులో ఇచ్చిన మార్గదర్శకాలే, 2013లో చట్టం వచ్చేదాకా 16 ఏళ్లు చట్టంలా నడిచాయి. అది మెచ్చుకోదగిన జోక్యం. హైవేలకు 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు ఉండరాదన్న 2016 డిసెంబరు ఆదేశం గురించి అంత ధైర్యంగా చెప్పలేం. కొన్ని రాష్ట్రాలు దుకాణాలను కదపలేదు, రోడ్ల హోదానే మార్చాయి.

కోర్టు మాటకు పార్లమెంటు సులువుగా జవాబు చెప్పుకున్న సందర్భమూ ఉంది. ఎన్నికల కమిషనర్లను ఎంపిక చేసే కమిటీలో ప్రధాని, ప్రతిపక్ష నేతతో పాటు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉండాలని, పార్లమెంటు చట్టం చేసేదాకా ఇదే పద్ధతని 2023 మార్చిలో తీర్పు వచ్చింది. డిసెంబరులో చట్టం వచ్చింది. అందులో ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని ఎంచుకునే కేంద్రమంత్రి ఉన్నారు.

ఖజానా తాళం, స్పీకర్ కుర్చీ

డబ్బు మీద అధికారం పూర్తిగా పార్లమెంటుదే అని రాజ్యాంగం అంటుంది. చట్టం లేనిదే పన్ను లేదు (265), ఓటు వేయనిదే ఖర్చు లేదు (114). ఆచరణలో సమయం చాలక చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే ఒక్క ఊపులో ఆమోదం పొందుతాయి. దీన్నే గిలెటిన్ అంటారు. 2018 మార్చిలో లోక్‌సభ మొత్తం పద్దులను అలాగే చర్చ లేకుండా ముగించింది. విదేశీ ఒప్పందాలకైతే పార్లమెంటు ఆమోదం ముందుగా అవసరమే లేదు. ఆర్డినెన్సుల సంగతి చెప్పనక్కర్లేదు. 1967–81 మధ్య బీహార్ ప్రభుత్వం 256 ఆర్డినెన్సులను మళ్లీ మళ్లీ జారీ చేస్తూ, కొన్నింటిని 14 ఏళ్ల దాకా బతికించిందని పుణె పరిశోధకుడు డి.సి.వాధ్వా బయటపెట్టారు. ఇది రాజ్యాంగాన్ని మోసగించడమేనని 1986లో సుప్రీంకోర్టు మందలించింది.

ప్రభుత్వాన్ని దింపే శక్తి సభకు నిజంగానే ఉంది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి 269–270తో, ఒక్క ఓటు తేడాతో అధికారం కోల్పోయారు. కానీ 1985 నాటి 52వ సవరణతో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ఒక్కో సభ్యుడి ఓటును పార్టీ విప్‌కు కట్టేసింది. విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. పోతుందో లేదో తేల్చేది స్పీకర్, ఆయన సాధారణంగా అధికార పక్షం మనిషి. 2023 ఎన్నికల తర్వాత బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి వెళ్లారంటూ పది మంది తెలంగాణ ఎమ్మెల్యేలపై వేసిన అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఈ పని స్పీకర్ చేతిలోనే ఉంచాలా అని పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది. 2020లో మణిపూర్ కేసులోనూ కోర్టు ఇలాగే చెప్పింది.

మూడు శాఖల్లో ఎక్కువ నష్టపోయింది ఏదంటే, కోర్టుల మీద ఫిర్యాదు చేసే చట్టసభే, అదీ ప్రధానంగా కోర్టుల వల్ల కాదు, తన కడుపున పుట్టిన మంత్రివర్గం వల్ల. మంత్రి కాని సభ్యుడు సొంతంగా ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కావడం స్వతంత్రం వచ్చాక 14 సార్లే జరిగింది. వాటిలో చివరిది 1970లో.